రోడ్డువైపు గది

మా వదినను దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజే మా ఇంటి మెట్లు నా కంటికి ఆనాయి. పెళ్లై వచ్చినప్పటి నుంచి బిందెలతో, బియ్యం సంచులతో, చంకలో పిల్లతో ఎక్కి దిగిన మెట్లే అవి. వానాకాలం రోడ్డు మీది నీళ్లు ఇంట్లోకి రాకూడదని మా మామ పునాది ఎత్తుగా పోయించి కట్టించాడట. ఆటో ఇంటి ముందు ఆగింది. తుంటి ఎముకకు ఆపరేషన్ అయిన మనిషి, చేతిలో వాకర్. వదిన మెట్ల వైపు ఒకసారి చూసి, మా ఆయన వైపు తిరిగింది.

"గివి ఎక్కుడు నాతోని గాదు తమ్మీ."

మా ఆయన, పక్కింటి అన్న కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. "పెండ్లిపిల్లను మోసినట్టు మోస్తున్నరు గదరా" అని వదిన నవ్వింది. నవ్వుతూనే కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకున్నది చెమటనా, ఇంకేమైనానా అని నేను అడగలేదు.

వదిన అంటే మా ఆయనకు అక్క. వాళ్లమ్మ పోయేనాటికి మా ఆయన ఇంకా నిక్కరేసుకుని తిరిగే పిల్లవాడు. ఆమె సురంగల్‌కు కోడలిగా పోతూ తమ్ముడిని కూడా వెంట తీసుకుపోయింది. అత్తగారింట్లో పెట్టుకుని బడికి పంపింది. భర్త తొందరగానే చనిపోయాడు, పిల్లలు లేరు. ఉన్న కొద్దిపాటి చేనులో గులాబీలు, బంతిపూలు వేసి, తెల్లవారకముందే గంపలు కట్టి పట్నం పూలమార్కెట్‌కు పంపేది. ఆ చేనులోనే, నీళ్లు పారించేటప్పుడు గట్టు మీద కాలుజారి పడింది.

ఆమెకు నేను బాకీ ఉన్నది వేరే సంగతి. మా అమ్మాయి పాలు తాగే వయసులో ఉండగా నాకు గండిపేట దగ్గర ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వదులుకుందామనే అనుకున్నాను. వదిన ఒప్పుకోలేదు. "నౌకరి ఇడువకు పిల్లా. పాప సంగతి నాకిడిసిపెట్టు" అంది. పూలగంపలు బండికెక్కించి, ఆ వెంటనే బస్సెక్కి మొయినాబాద్‌లోని మా ఇంటికి వచ్చేది. నేను బస్టాప్‌కు పరుగెత్తుతుంటే పాపను భుజానేసుకుని గుమ్మంలో నిలబడేది. అమ్మాయి బడికి వెళ్లేదాకా ఆమె ఒక్కరోజు కూడా రాకుండా ఉండలేదు. ఇప్పుడు అమ్మాయికి పెళ్లై శంకర్‌పల్లిలో ఉంటుంది. నేను ఇంకా అదే ఆఫీసులో ఉన్నాను. అందుకే వదిన పడిందని తెలిసిన రోజు, ఆమె ఎక్కడ ఉండాలన్న మాట మా ఇంట్లో రాలేదు. ఎట్లా ఉంచాలన్నదే మాట.

హాలులో మంచం వేశాం. స్నానాల గది, మరుగుదొడ్డి ఇంటి వెనక ఉన్నాయి. అక్కడికి మళ్లీ మెట్లు దిగాలి, ఎప్పుడూ తడిగా ఉండే బండల మీద నడవాలి. దవాఖాన వాళ్లు కమోడ్ కుర్చీ ఒకటి కొనుక్కోమన్నారు, కొన్నాం. హాలులో చుట్టూ చీర తెర కట్టి దాన్ని వాడాల్సి వచ్చేది. వదినకు అది నరకంగా ఉండేది. నీళ్లు తాగడం తగ్గించేసింది. ఎండాకాలం, పెదవులు పగిలిపోయాయి. నేను గ్లాసు పట్టుకుని బతిమాలితే, "దూప లేదు పిల్లా" అని అటు తిరిగేది.

ఒకరోజు అన్నం తింటూ మా ఆయన అన్నాడు, "ఒక రూమేద్దాం. లోపలనే బాత్‌రూం ఉండాలె. అక్క తలుపేసుకుంటే తన లోకం తనదే ఉండాలె."

నా మనసులో ఉన్నదీ అదే. చీటీ డబ్బులు ఆ నెలలోనే రావాల్సి ఉంది. మిగిలింది మా కాలేజీ సొసైటీలో అప్పు తీసుకుందామనుకున్నాం. చేవెళ్లలో ప్లాన్లు గీసే అతని దగ్గరికి వెళ్లాం. జిరాక్సు సెంటరు పైన చిన్న గది, ఒక కంప్యూటరు. మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉన్న సందులో గది వేసి, వెనక బాత్‌రూం కలపాలని చెప్పాం. అతను టీ తాగినంత సేపట్లో గీసి ఇచ్చాడు. కాగితం మీద గది ఎంతో అందంగా ఉంది.

ఇంటికి వచ్చి మా ఆయన ఆగలేకపోయాడు. ముగ్గు డబ్బా పట్టుకెళ్లి సందులో గీతలు పోశాడు. లేని తలుపులోంచి లోపలికి నడిచి, "గీడ మంచం, గీడ కిటికి, మీద ఫ్యాను" అని చూపించాడు. వదిన హాలు కిటికీలోంచి చూసింది.

"మంచిగున్నది" అంది. మేము సంతోషంలో ఉన్నాం, ఆ ఒక్క మాట మాకు సరిపోయింది.

ఇక పర్మిషన్. మా ఊరు పంచాయతీగా ఉన్నన్నాళ్లూ ఒక గది వేసుకోవాలంటే కార్యదర్శికి చెప్పి, కాగితం రాయించుకుంటే సరిపోయేది. ఇప్పుడు మున్సిపాలిటీ అయింది. ఇంటి కాగితాలు, ఫొటోలు, ప్లాను అన్నీ కంప్యూటరులో ఎక్కించాలి. ఆఫీసు కాగితాలతో బతికేదాన్ని కాబట్టి ఆ పని నామీద వేసుకున్నాను. సెలవు పెట్టి స్వయంగా వెళ్లాను కూడా. ప్లాన్లు చూసే ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి. మా కాగితం చూడగానే ఆమె వేలు నేరుగా సందు మీదికి వెళ్లింది.

"మేడమ్, ఈడ రూము కడితే మీ గోడకు, పక్కింటి గోడకు నడుమ ఎంత మిగుల్తది?"

"జానెడు మిగుల్తదేమో" అన్నాను.

"అదే ప్రాబ్లం. సైడుకు సెట్‌బ్యాక్ ఇడువాలె. గాలి రావాలె, రేపు ఏమన్నా అయితే మనిషి పోనీకె తొవ్వ ఉండాలె. ఇట్ల ఉంటే నేను శాంక్షన్ చెయ్యలేను."

అప్పటికే బస్సులో ఎవరెవరో నన్ను భయపెట్టి ఉన్నారు, గండిపేట చెరువు నీళ్ల కోసం పెట్టిన జీవో వల్ల ఈ దిక్కు ఊళ్లలో ఇటుక మీద ఇటుక పెట్టనివ్వరని. ఆ మాట కూడా అడిగేశాను. ఆమె ఓపికగా నవ్వింది.

"మీ ఇల్లు పాత ఊరి లోపల ఉన్నది మేడమ్. అసలు కట్టొద్దని నేను అంటలేను. ఖాళీ జాగ ఇడిసి కట్టుకోండ్రి అంటున్న. ప్లాను మార్చి తీస్కరండ్రి, నేను చూస్త."

సెట్‌బ్యాక్ అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ. ఆ మాట అంతకుముందు పెద్ద అపార్టుమెంట్ల ప్రకటనల్లోనే చదివాను. అది మా సందు దాకా వస్తుందని అనుకోలేదు. ఇంటికి వచ్చి సంగతి చెప్పగానే చుట్టుపక్కల వాళ్లు తలా ఒక సలహా చెప్పారు. ముందు కట్టేయండి, తర్వాత జరిమానా కట్టుకోవచ్చు అన్నారు. రేకులు వేసి, అడిగితే పశువుల కొట్టమని చెప్పండి అన్నారు. పక్కింటి అన్న సాయంత్రం వచ్చాడు. వాళ్లది ఊళ్లో పాత కుటుంబం, భూమి ఉన్నవాళ్లు, పంచాయతీ రోజుల్లో ఆయన వార్డు మెంబరు. మాట సాయం అడగకముందే చేసే మనిషి.

"తమ్మీ, పక్కిల్లు నాదే గద. నాకేం అభ్యంతరం లేదని రాసిస్త. మీరు కట్టుకోండ్రి. ఎవలన్న అడిగితే నేను మాట్లాడుత" అన్నాడు.

మా ఆయన ముఖం వెలిగింది. అన్న వెంట వాళ్లావిడ కూడా వచ్చింది. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. ఆమె చేతిలో టీ గ్లాసు తిప్పుతూ కూర్చుంది. వదిన మంచం మీది నుంచి ఆమెనే చూస్తూ ఉంది.

"ఏమమ్మా, సందులకు కనవడే కిటికి మీ వంటింటిదే గదా?" అని అడిగింది.

"అవునక్కా."

"పొద్దుందాక వంట దాని ఎలుగుకే చేస్తవు గదా?"

అక్క తల ఊపింది. అన్న ఏదో చెప్పబోయాడు. వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు నాయినా. నీ మనసు పెద్దది, నాకెర్కే. కని నీ పెండ్లాం చీకట్ల రొట్టె కాల్చుకుంటుంటే, గోడకు ఇవతల నాకు నిద్రెట్ల వడ్తది? గా సందుల కట్టేది లేదు."

అక్క గ్లాసు కింద పెట్టి, లేచి వచ్చి వదిన మంచం అంచున కూర్చుంది. మా ఆయన మాత్రం కళ్లు దించుకుని ఉండిపోయాడు. ఆ రోజు నాకూ కోపమే వచ్చింది. అంత సులువుగా దొరికిన దాన్ని కాదనుకోవడం ఏమిటనిపించింది.

రెండో ప్లాను ఇంటి వెనక్కి జరిగింది. ఖాళీ వదిలి గీస్తే గది సన్నగా, పొడుగ్గా వచ్చింది. మా ఆయన మళ్లీ ముగ్గు గీతలు పోశాడు. ఈసారి వాకర్ తెచ్చి ఆ గీతల మధ్య తానే నడిచి చూశాడు. మంచం వేశాక వాకర్ తిరగదు. మంచం జరిపితే బాత్‌రూం తలుపు తెరుచుకోదు. పైగా పాత దొడ్డి పడగొట్టి జరపాలి, నీళ్ల సంపు మూయాలి. మేస్త్రి వచ్చి చూసి, లెక్క వేసి చెప్పాడు. ఇనుము ధర, ఇసుక ధర విన్నాక నేను చీటీనీ సొసైటీ అప్పునూ కలిపి మనసులోనే కూడుకుని, మనసులోనే వదిలేశాను.

మేమిద్దరం వంటింట్లో గొంతు తగ్గించి పోట్లాడుకున్నాం. గొంతు తగ్గిస్తే వినపడదనుకునేంత పెద్ద ఇల్లు కాదు మాది. హాలులోంచి వదిన పిలిచింది.

"తమ్మీ, నన్ను సురంగల్‌ల దింపు. నా ఇంట్ల నేనుంట. పక్కోళ్లు చూస్కుంటరు."

మా ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. చివరికి నా నోటికి వచ్చింది ఇదే.

"పాపను సాదినన్ని రోజులు, నాతోని గాదు అని నువ్వు ఎన్నడన్న బస్సెక్కకుండ ఉన్నవా వదినా?"

వదిన నా తల మీద చెయ్యి వేసింది. చాలాసేపు తీయలేదు. సురంగల్ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు గది సంగతి ఎవరమూ మాట్లాడలేదు. ఆఫీసుకు వెళ్తున్నాను, వస్తున్నాను. గండిపేట దారిలో రోజుకో కొత్త విల్లా లేస్తుంటే బస్సు కిటికీలోంచి చూస్తూ, ఇన్ని గదులు కడుతున్నారు, మాకు ఒక్కటి కుదరలేదేమిటని అనుకునేదాన్ని.

ఒక శనివారం ఆఫీసు మధ్యాహ్నానికే అయిపోయింది. బస్సు దిగి ఇంటి మలుపు తిరిగేసరికి మా గోదాము షట్టరు ఎత్తి ఉంది. గోదాము అంటే మా ఇంటికి ముందువైపు, రోడ్డుకు దాదాపు సమంగా ఉన్న గది. మా ఆయనది బోరు మోటార్లు రిపేరు చేసే పని. మొదట ఆ గదిలోనే షాపు పెట్టాడు. తర్వాత షాపు చేవెళ్ల రోడ్డు మీదికి మారింది. పాత మోటార్లు, రాగి తీగ చుట్టలు, పనికిరాని పంపులు ఇక్కడే ఉండిపోయాయి. ఏళ్ల తరబడి అది మా ఇంట్లో భాగమన్న సంగతే మరిచిపోయాం.

ఆ షట్టరు కింద కుర్చీ వేసుకుని వదిన కూర్చుని ఉంది. ఒళ్లో బంతిపూలు, చేతిలో దారం. పక్కన పక్కింటి అక్క. ఎదురుగా నిలబడి కూరగాయలు అమ్మే ఆమె తన కోడలి సంగతి చెబుతోంది. స్కూటర్ మీద పోయే ఒకతను ఆపి, "ఏం అవ్వా, కాలు ఎట్లున్నది?" అని అడిగి వెళ్లాడు. వదిన ముఖం చూసి నేను అక్కడే ఆగిపోయాను. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె అంత గట్టిగా మాట్లాడటం వినలేదు.

"ఈమెనే మెట్లు దింపింది" అంది నన్ను చూసి. "ఎక్కుడే కష్టం పిల్లా. దిగినంక ఈడంత సాఫే. చూడు."

వాకర్ పట్టుకుని లేచింది. మోటార్లు తోపుడు బండి మీద లోపలికి నెట్టడానికి మా ఆయన వాలుగా సిమెంటు పోయించి ఉన్నాడు. ఆమె ఆ వాలు మీదుగా రోడ్డు దాకా దిగి, తిరిగి తనంతట తాను లోపలికి వచ్చింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు.

"వదినా, నీకు ఈ రూము ఇస్తే ఉంటవా?" అని అడిగాను.

ఆమె దారం ముడి వేసి, పళ్లతో తెంపింది.

"ఎనుక రూముల పండవెడితే మనుషులు కనవడరని నాకు బుగులైంది పిల్లా. పుట్టినకాడికెల్లి పదిమందిల తిరిగినదాన్ని. మీరు గంత సంబురంగ గీతలు గీస్తుంటే ఎట్ల చెప్పాలె?"

అసలు నీకేం కావాలని మేము ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె కోసమే ఇంత ఆరాటపడుతూ, ఆ చిన్న మాట మరిచాం. అది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం సిగ్గుగానూ ఉంటుంది.

మా ఆయనకు చెప్పడం ఇంకో ఎత్తు. ఆ గోదాములోని ఒక్కో మోటారుకూ ఆయన దగ్గర ఒక కథ ఉంది. ఏదో రోజు బాగుచేస్తానని ఏ ఒక్కటీ పారేయనివ్వడు. ఆ సాయంత్రం షట్టరు ముందు నిలబడి అన్నీ ఒకసారి చూశాడు. "ఇయన్ని ఏడ వెడుదును?" అన్నాడు.

"అమ్ము తమ్మీ" అంది వదిన. "రాగి ఉన్నది గద."

మర్నాడు తుక్కు కొనే అతన్ని పిలిచాడు. ఒక్క చిన్న మోటారు మాత్రం పక్కన పెట్టుకున్నాడు, తను మొట్టమొదట సొంతంగా తీగ చుట్టినదట. మిగిలినవన్నీ బండికెక్కాయి. రాగికి వచ్చిన సొమ్ము మేము ఊహించిన దానికన్నా చాలా ఎక్కువ. బాత్‌రూం ఖర్చులో పెద్ద భాగం ఆ తుక్కులోంచే లేచింది. సొసైటీ అప్పు సగానికి తగ్గించుకున్నాను.

మూడో ప్లాను చాలా చిన్నది. గోదాము గది ఎట్లాగూ ఉంది. దాని వెనక, మేడ మెట్ల పక్కన పూలకుండీలు పెట్టుకునే ఖాళీలో ఒక బాత్‌రూం. సందు అట్లాగే ఉంటుంది, వెనక ఖాళీ అట్లాగే ఉంటుంది. ఆఫీసరు అమ్మాయి స్వయంగా వచ్చి టేపు పట్టి కొలిచింది. వదిన వాకర్ వైపు చూసి, "బాత్‌రూం తలుపు లోపలికి తెరుచుకునేటట్టు పెట్టకండ్రి మేడమ్. లోపల పడితే తలుపు తియ్యరాదు. మా నాయనమ్మకు అట్లనే అయింది" అంది. అది రూల్సులో ఉందో లేదో నాకు తెలియదు. ఆమె చెప్పకపోతే మాకు తట్టేది కాదు. కొద్దిరోజులకు పర్మిషన్ వచ్చినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆఫీసులో అందరి ముందూ గట్టిగా చదివాను.

పని మొదలయ్యే ముందురోజు పక్కింటి అక్క వచ్చింది. వాళ్లది కొత్త ఇల్లు, గడపలు కూడా నేలకు సమంగా ఉంటాయి.

"దుమ్ముల, చప్పుట్ల అక్కను ఎట్లుంచుతవు? పని అయ్యేదాక మా ముందటి రూముల ఉంటది. నేను అడుగుతలేను, తీస్కపోతున్న" అంది.

వదిన మిగిలిన వేసవంతా వాళ్లింట్లో ఉంది. వాళ్ల బాత్‌రూం వాడుకుంది. నీళ్లు కడుపునిండా తాగింది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి, ముందు ఆ ఇంటికి వెళ్లి, తర్వాత మా ఇంటికి వచ్చేదాన్ని. నాకూ అక్కడే టీ సిద్ధంగా ఉండేది. వద్దంటే అక్కకు కోపం.

పని సాఫీగా సాగిందని చెప్పలేను. బాత్‌రూం కోసం కొత్త సెప్టిక్ ట్యాంకు తవ్వుతుంటే కొద్ది లోతులోనే బండ తగిలింది. మేస్త్రి గునపంతో కొడితే నిప్పురవ్వలు లేచాయి. మిషను తెప్పించి పగలగొట్టాలంటే మా దగ్గర మిగిలినదంతా ఆ గోతిలోనే పోయాలి. మా ఆయన గొయ్యి అంచున గొంతు కూర్చుని, మట్టి చేతిలోకి తీసుకుని వదులుతూ ఉన్నాడు. గోడ అవతలి నుంచి పక్కింటి అన్న చూశాడు.

"మా ట్యాంకు పెద్దది తమ్మీ. ఇల్లు కట్టినప్పుడు ఊరందరికి సరిపొయ్యేటంత తవ్విపిచ్చిన. సందులకెల్లి పైపేసి కలుపుకోండ్రి."

మా ఆయన మొహమాటపడ్డాడు. అన్న కసిరాడు. "మీ అక్క మా ఇంటికి ఎలుగు ఇడిసింది. నేను పైపంత జాగ ఇయ్యనా?"

ఆ సందు గుండానే పైపు వెళ్లింది. ఇద్దరి సంతకాలతో కాగితం రాసి మున్సిపల్ ఆఫీసులో కూడా ఇచ్చాం, రేపు పిల్లల కాలంలో ఎవరికీ చిక్కు రాకూడదని. ఆ సందులో మేము గది కట్టేసి ఉంటే, ఆ రోజు ఆ పైపుకు దారే ఉండేది కాదు.

తలుపులు, కిటికీ కొత్తవి కొనలేదు. గండిపేట దిక్కు ఒక పాత ఫామ్‌హౌసు పడగొడుతున్నారని తెలిసి మా ఆయన వెళ్లి టేకు కిటికీ, వెడల్పాటి తలుపు తెచ్చాడు. రంగు ఊడిపోయి ఉన్నాయి. ఆదివారాలు నేనూ, శంకర్‌పల్లి నుంచి వచ్చిన మా అమ్మాయీ కూర్చుని గరుకు కాగితంతో రుద్దాం. "అత్త రూముకు పచ్చ రంగేద్దాం" అంది అమ్మాయి. వదినను అడిగాం. ఈసారి అన్నీ ఆమెనే అడిగాం. "పచ్చ వద్దు, నీలం" అంది. నీలమే వేశాం. నేలకు నునుపు టైల్సు వద్దని షాబాద్ బండలు పరిపించాం, తడిసినా కాలు జారకుండా కొంచెం గరుకుగా ఉన్నవి. షట్టరు తీసేసి అక్కడ తలుపు, కిటికీ పెట్టాం. కిటికీ ఎత్తు ఎంతుండాలో చూడటానికి మేస్త్రి వదినను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె కళ్లకు సమంగా గోడ మీద గీత గీసుకున్నాడు.

పని అయ్యాక ఆఫీసరు అమ్మాయి ఇంకోసారి చూడటానికి వచ్చింది. కొలతలు రాసుకుని వెళ్లబోతుంటే వదిన బంతిపూల దండ ఒకటి ఆమె చేతిలో పెట్టబోయింది. ఆ అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో, వద్దు పెద్దమ్మా, మేము ఏం తీస్కోవద్దు."

"ఓసి, లంచం గాదు బిడ్డా, పూలు!" అంది వదిన.

అందరం నవ్వాం. ఆ అమ్మాయీ నవ్వి, దండలోంచి ఒక్క పువ్వు తెంపుకుని జడలో పెట్టుకుని వెళ్లింది.

వదిన గదిలోకి మారిన మర్నాటి ఉదయం నాకు బాగా గుర్తుంది. స్నానానికి నేను సాయం వస్తానంటే వద్దంది. గోడకు బిగించిన స్టీలు కడ్డీ పట్టుకుని లోపలికి వెళ్లి గొళ్లెం వేసుకుంది. నేను తలుపు బయట చెవి పెట్టి నిలబడ్డాను. స్టూలు జరిపిన చప్పుడు. బకెట్టులో చెంబు ముంచిన చప్పుడు. నీళ్లు. మళ్లీ నీళ్లు. ఎన్నో వారాల తర్వాత ఆమె ఎవరి చెయ్యీ లేకుండా తల మీద నీళ్లు పోసుకుంటోంది. నా కళ్లు నిండాయి. లోపలి నుంచి కేక వినపడింది.

"నువ్వు ఆడనే నిలవడ్డవని నాకెర్కే. పో పిల్లా, బస్సు పోతది!"

సురంగల్‌లో ఆమె ఇంటిని, చేనును ఒక జంటకు కౌలుకిచ్చాం. వాళ్లు రెండు రోజులకోసారి పూలు తెచ్చి ఇస్తారు. ఆమె కిటికీ పక్కన కూర్చుని దండలు కడుతుంది. ఇరుగుపొరుగు వాళ్లు పూజకు కొనుక్కుపోతారు. సగం మందికి ఊరికే ఇచ్చేస్తుందని నాకు తెలుసు. అడిగితే మాట మారుస్తుంది.

మొన్న వానల్లో గండిపేట దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. బస్సు దిగేసరికి సందెవేళ దాటుతోంది, కుండపోతగా వాన. గొడుగు ఆఫీసులోనే మరిచిపోయాను. తడిసి ముద్దై ఇంటి ముందుకు వచ్చేసరికి నీలం తలుపు తెరుచుకుంది. వదిన తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వాకర్ లోపల మంచం దగ్గరే ఉంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఇంకో చేత్తో తువ్వాలు అందిస్తోంది.

"వదినా, వాకర్ ఏది?" అన్నాను కంగారుగా.

"రెండు చేతులు దానికే ఇస్తే నీకు తువ్వాల ఎవలిస్తరు? ముందుగాల తల తుడుసుకో, సర్ది వడ్తది."

నన్ను లోపలికి లాగి కుర్చీలో కూర్చోబెట్టింది. నా తడి జుట్టు విప్పి, తువ్వాలతో గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. బండల మీద నా చీర నుంచి నీళ్లు కారుతున్నాయి. కిటికీ బయట రోడ్డు మీద పిల్లలు వానలో అరుస్తూ పరుగెత్తుతున్నారు. నొప్పెడుతోందని చెప్పాలనిపించినా, కదలకుండా అట్లాగే కూర్చున్నాను.